'లీ' అనే అడవిపిల్లి అక్షరం (ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. టైమ్ తక్కువ ఉంది కాబట్టి సరాసరి అక్షరంలోకి వెళ్ళిపోదాం.

బోర్డు మీద రాస్తున్నాను చూడండి, వెనక కూర్చున్నవాళ్ళకి కనిపిస్తోందా? సరే. ఇది చైనా భాష అక్షరం, 貍. దీన్ని "లీ" అని పలుకుతారు, గొంతు కింద నుంచి పైకి లేపుతూ, మనల్ని ఎవరైనా పిలిస్తే "ఆఁ?" అంటాం కదా, ఆ టోన్ లో. అర్థం ఏంటంటే అడవిపిల్లి. డిక్షనరీ తీస్తే అంతే ఉంటుంది, ఒక్క మాటలో తేల్చేస్తారు. కానీ ఈ అక్షరం మూడు వేల ఏళ్ళుగా తిరగని చోటు లేదు, పిల్లి అయింది, పునుగు పిల్లి అయింది, నక్క పేరులో సగం అయింది, జపాన్ వెళ్ళి అక్కడ అసలు పిల్లే కాని ఒక జంతువు అయింది, ఆఖరికి బీజింగ్ లో గాలి పాడైపోతే ఆ పొగమంచుకి రాసే అక్షరంలో కూడా ఇదే కూర్చుంది. ఎందుకు అలా జరిగిందో చెప్పాలనే నా తాపత్రయం.

ముందు ఎడమవైపు చూడండి. పాత రూపంలో ఇక్కడ ఏడు గీతలు ఉంటాయి. దీన్ని విడిగా "జ్ర్" అన్నట్టు పలుకుతారు, మన లిపిలో సరిగ్గా రాయడం కష్టం. పైన నోరు తెరుచుకుని ఉంది, కిందికి పొడుగ్గా వెన్ను, పక్కన కాళ్ళు, చివర తోక. జంతువుని నిలువుగా లేపి నించోబెట్టినట్టు ఉంది కదా, వెదురు బద్దల మీద పైనుంచి కిందికి రాసేవాళ్ళు, బద్ద సన్నంగా ఉంటుంది, అడ్డంగా గీస్తే చోటు చాలదు, అందుకే చాలా జంతువులు ఇలా తోక కిందికి పెట్టుకుని నిలబడతాయని చెప్తారు. షూ షెన్ అని హాన్ వంశం కాలం పండితుడు, క్రీ.శ. 100 ప్రాంతంలో షువోవెన్ జియెజి అని మొట్టమొదటి పెద్ద అక్షర నిఘంటువు రాశాడు, 9,353 అక్షరాలు, వాటిని 540 వర్గాలుగా విడగొట్టాడు, ఆయన కొడుకు 121లో దాన్ని చక్రవర్తికి సమర్పించాడు. ఆయన ఈ ఎడమ భాగం గురించి ఏమంటాడంటే, ఇది పొడుగాటి వెన్నున్న మృగం, మెల్లగా వెన్ను సాగదీసుకుంటూ నడుస్తుంది, దేన్నో చంపడానికి కనిపెట్టుకుని ఉన్న ఆకారం అని. పిల్లి గోడ మీద పిట్టని చూసి పొట్ట నేలకి ఆనించి కదలడం చూసినవాళ్ళకి ఇంకే వివరణా అక్కర్లేదు. చిరుతపులి అక్షరంలో ఇదే భాగం ఉంటుంది, రేచుకుక్క అక్షరంలో ఉంటుంది, ఇంటి పిల్లిని రాసే పాత అక్షరంలో కూడా ఉంటుంది.

మన "లీ" గురించి షూ షెన్ ఇచ్చిన అర్థం అయితే ఇంకా చిన్నది, "పొంచి ఉండే మృగం" అన్నాడు. నాకు చాలా ఇష్టమైన నిర్వచనం అండి ఇది. రంగు చెప్పలేదు, సైజు చెప్పలేదు, అది ఏం చేస్తుందో చెప్పాడు. పదిహేడు వందల ఏళ్ళ తర్వాత ద్వాన్ యూత్సాయ్ అనే ఇంకో మహా పండితుడు దీనికి వ్యాఖ్యానం రాస్తూ, అంటే బాగా పొంచి ఉండగల మృగం, జనం అడవిపిల్లి అంటారే అదే, అని వివరించాడు.

ఇప్పుడు మీరు మొబైల్లో టైప్ చేస్తే వచ్చే రూపం ఇది కాదు. చైనాలో 1955లో ఒకే అక్షరానికి ఉన్న రకరకాల రూపాల్లో ఏది ఉంచాలి ఏది తీసెయ్యాలి అని లిస్టు వేసినప్పుడు ఎడమ పక్కన కుక్క గుర్తు ఉన్న రూపం ఉంచారు, మూడే గీతలు, రాయడానికి ఈజీ, పద్నాలుగు గీతల అక్షరం పది గీతలకి వచ్చింది. అయితే కుక్క గుర్తు రూపం అప్పుడు పుట్టింది కాదు, ముందు నుంచీ వాడుకలో ఉన్నదే. ఇంటి పిల్లి అక్షరానికీ ఇదే జరిగింది, తైవాన్ వాళ్ళు మాత్రం ఇంటి పిల్లిని ఇప్పటికీ ఆ పొడుగు వెన్ను మృగంతోనే రాస్తారు.

ఇక కుడివైపు. అసలు విషయం అంతా ఇక్కడే ఉంది. కుడివైపు ఉన్నది పైన పొలం, కింద మట్టి. విడిగా రాస్తే దీని అర్థం ఊరు, పల్లె, దూరం కొలిచే కొలత కూడా. ఇప్పుడు ఎవరైనా ఏమనుకుంటారు? మృగం ప్లస్ ఊరు, అంటే ఊరి చుట్టుపక్కల తిరిగే మృగం, కోళ్ళ కోసం వచ్చే అడవిపిల్లి! ఎంత చక్కగా కుదిరింది! ఇది ఇవాళ్టి మాట కాదు, సోంగ్ వంశం కాలంలో లూ ద్యెన్ అనే ఆయన సరిగ్గా ఇదే రాశాడు, ఊళ్ళలో ఉండే మృగం కాబట్టి ఊరు గుర్తు అని, దాన్ని లీ షిజెన్ తన వైద్య గ్రంథంలో ఎత్తి రాశాడు. లీ షిజెన్ అంటే మామూలు మనిషి కాదు, 1578లో పూర్తయి 1596లో అచ్చయిన ఆ ఔషధ గ్రంథం చైనా వైద్యానికి మూలస్తంభం. అయినా సరే, ఈ కథ తప్పు.

ఎందుకు తప్పంటే, చైనా అక్షరాల్లో అత్యధిక భాగం బొమ్మలు కావు. ఒక పక్క అర్థం ఏ కోవకి చెందిందో చెప్తుంది, ఇంకో పక్క శబ్దం చెప్తుంది. షూ షెన్ కూడా స్పష్టంగా రాశాడు, మృగం అర్థం కోసం, ఊరు శబ్దం కోసం అని. ఊరుని కూడా "లీ" అనే పలుకుతారు, స్వరం మాత్రమే తేడా. నాకు చాలా బాధ కలిగించే సంగతి ఏంటంటే, ప్రతి చైనా అక్షరాన్నీ బొమ్మ కథ చేసి చెప్తే వినడానికి బాగుంటుంది, గుర్తుంటుంది, కానీ ఆ కథ చెప్పగానే మనం చెవి మూసేసుకుంటాం, మూడు వేల ఏళ్ళ కిందటి మనుషుల నోటి మాట అందులో దాక్కుని ఉంటే అది వినపడకుండా పోతుంది. ఆ మాట ఎలా వినొచ్చో ఈ అక్షరంతోనే చూపిస్తాను.

ఇదిగో, ఇప్పుడు లీ నెత్తి మీద వర్షం గుర్తు పెడుతున్నాను. ఈ అక్షరాన్ని "మాయ్" అని పలుకుతారు. అర్థం దుమ్ము, ధూళి కమ్మిన గాలి. షూ షెన్ దీనికిచ్చిన అర్థం, గాలి మట్టిని వర్షంలా కురిపించడం. ప్రాచీన కవితల సంకలనం షీ జింగ్ లో ఒక పాటలో గాలీ దుమ్మూ రేగాయి అనే చోట ఈ అక్షరమే ఉంది. అంతకన్నా ముందు షాంగ్ రాజుల కాలంలో ఎముకల మీద, తాబేలు చిప్పల మీద చెక్కి జోస్యం అడిగేవాళ్ళు కదా, హెనాన్ లో ఆన్యాంగ్ దగ్గర దొరికినవి, వాటిల్లోనూ పైన వర్షం, కింద ఒక మృగం ఉన్న అక్షరం ఉంది. 2013 జనవరిలో బీజింగ్ ని పొగ కమ్మేసి ఎదుటి బిల్డింగ్ కనపడకుండా పోయినప్పుడు పేపర్లలో, టీవీల్లో, ఫోన్లలో ఎక్కడ చూసినా "వూ మాయ్" అనే మాటే, అందులో రెండో అక్షరం ఇదే. అంతమంది అన్నిసార్లు టైప్ చేసిన ఆ అక్షరం కింద భాగంలో అడవిపిల్లి ఉంది.

ఇంకోటి. లీ నెత్తి మీద గడ్డి గుర్తు పెడితే అదీ "మాయ్", అర్థం పూడ్చిపెట్టడం. జౌ రాజ్యం పద్ధతులు చెప్పే గ్రంథంలో కొండలకీ అడవులకీ నదులకీ చేసే బలుల గురించి చెప్తూ, కొన్ని పూడ్చాలి, కొన్ని నీళ్ళలో ముంచాలి అన్నచోట గడ్డి గుర్తు కూడా పెట్టకుండా ఉత్త అడవిపిల్లి అక్షరమే రాసి "పూడ్చు" అని చదివారు. తర్వాత కాలంలో ఏమైందంటే గడ్డి పోయింది, మృగం పోయింది, పక్కన మట్టి గుర్తు వచ్చి చేరింది. ఇవాళ పూడ్చడానికి రాసే అక్షరం, ఎడమ మట్టి, కుడి ఊరు. చైనీస్ నేర్చుకునే ప్రతి స్టూడెంటూ ఇక్కడ ఆగిపోతాడు, ఊరు అక్షరం "లీ" అని పలికితే మరి ఇది "మాయ్" ఎలా అయింది, ఎక్కడి మ ఇది అని. మధ్యలో అడవిపిల్లి ఉండేది, అది వెళ్ళిపోయింది. అదీ జవాబు.

సరే, మరి అడవిపిల్లి "లీ" అయితే, దాని శబ్దం అరువు తెచ్చుకున్న మాట "మాయ్" ఎందుకైంది? ఇక్కడ తెలుగువాళ్ళకి ఒక సౌకర్యం ఉంది, ఇది వేరే భాష వాళ్ళకి చెప్పాలంటే గంట పడుతుంది, మనకి నిమిషం చాలు. మ్రాను, మాను. మ్రింగు, మింగు. ప్రొద్దు, పొద్దు. క్రింద, కింద. పాత పద్యాల్లో మొదటి రూపం ఉంటుంది, నోట్లో రెండో రూపం ఉంటుంది, రెండు హల్లులు కలిసి ఉన్నచోట ర జారిపోయింది. ప్రాచీన చైనా భాషలో కూడా మాట మొదట్లో ఇలాంటి జంట హల్లులు ఉండేవని భాషా శాస్త్రవేత్తలు లెక్కకట్టారు. పూడ్చు, దుమ్ము అనే మాటలు "మ్ర" లాంటి శబ్దంతో మొదలయ్యేవి, వాటిల్లో ర జారిపోయి మ మిగిలింది. అడవిపిల్లి మాటలో తిరగబడింది, ముందున్న హల్లు జారిపోయి ర మిగిలింది, ఆ ర కాలక్రమంలో ల అయింది. ఒకే రకం కుండలు, ఒకటి ఇటు పగిలింది, ఇంకోటి అటు పగిలింది.

దీనికి సాక్ష్యం ఉందా అంటే ఉంది, అదీ చాలా చిత్రమైన చోట. ప్రాచీన చైనాలో రాజుల ముందు విలువిద్య ఒక పెద్ద తంతు, సంగీతం వాయిస్తుంటే తాళానికి తగ్గట్టు బాణం వెయ్యాలి. చక్రవర్తికి ఒక పాట, సామంత రాజులకి ఇంకో పాట. సామంతుల పాట పేరు "లీ తల", అంటే అడవిపిల్లి తల. ఆ పాట ఇప్పుడు లేదు, పోయింది. రెండో శతాబ్దంలో జెంగ్ షువాన్ అనే పండితుడు దీనికి వివరణ రాస్తూ, లీ అంటే "బు లాయ్" అన్నాడు. బు అంటే కాదు, లాయ్ అంటే రావడం. రానివాడు! రాజసభకి రాని సామంతుడి తల మీద బాణం వేస్తున్నట్టు అర్థం అని. చరిత్రకారుడు సిమా ఛ్యెన్ కూడా రాశాడు, జౌ రాజు మాట ఎవరూ వినకుండా పోయిన రోజుల్లో చాంగ్ హోంగ్ అనే మంత్రి లీ తల పెట్టి దాని మీద బాణాలు వేయించాడట, రాని సామంతులు దీంతో అయినా దారికొస్తారని. వాళ్ళు రాలేదు, పైగా జిన్ రాజ్యం వాళ్ళు ఆయన్నే పట్టుకుని చంపేశారు. రాజకీయంగా విషాదం. కానీ శబ్దం సంగతి చూడండి, "లీ" అన్న మాట వింటే "బు లాయ్" గుర్తుకొచ్చిందంటే, అప్పటికి ఆ పిల్లి పేరులో ముందు ప లాంటిదో బ లాంటిదో ఒక హల్లు ఇంకా వినిపిస్తూ ఉండాలి, లేదా అలా పలికేవారన్న జ్ఞాపకమైనా ఉండాలి. "ప్ర" లాంటి శబ్దాన్ని నెమ్మదిగా విడదీసి పలికితే "బు లాయ్" కి దగ్గరగా వస్తుంది. బొమ్మ కథ చెప్పుకున్నంత కాలం ఇదేమీ మనకి దొరికేది కాదు.

ఇప్పుడు జంతువు దగ్గరికి వద్దాం. ఇంతకీ లీ అంటే ఏ జంతువు?

షీ జింగ్ లోనే నెలల వారీగా రైతుల పని చెప్పే పెద్ద పాట ఉంది, అందులో చలికాలం వేటకెళ్ళి "నక్కల్నీ లీలనీ పట్టండి, దొరగారి బిడ్డలకి బొచ్చు కోట్లు కుట్టండి" అంటారు. జువాంగ్జి అనే తత్వవేత్త అయితే కళ్ళకి కట్టినట్టు చెప్పాడు, లీని చూడలేదా, ఒళ్ళు దగ్గర పెట్టుకుని పొంచుంటుంది, దారిన పోయే ప్రాణి కోసం కాచుకుంటుంది, అటూ ఇటూ దూకుతుంది, ఎత్తూ పల్లం చూడదు, చివరికి ఉచ్చులో పడి చస్తుంది అని. ఆయనే ఇంకోచోట, రోజుకి వెయ్యి లీల దూరం పరిగెత్తే గుర్రమైనా ఎలకని పట్టడంలో లీ ముందు పనికిరాదు అంటాడు. ఆ దూరం లీ అక్షరం ఇందాక చెప్పిన ఊరి అక్షరమే. రాజనీతి రాసిన హాన్ ఫెయిజి, కోడి చేత రాత్రి కాపలా, లీ చేత ఎలకల వేట, ఎవరి పని వాళ్ళకిస్తే రాజుకి శ్రమ ఉండదు అన్నాడు. ఇంకో గ్రంథంలో లీని చూపించి ఎలకల్ని పిలవలేవు, మంచుగడ్డ పెట్టి ఈగల్ని పిలవలేవు అని ఉంది. గమనించారా, అడవిలో ఉండే జంతువు అయితే రాజకీయ నీతిలోకి ఎలకల డ్యూటీతో ఎందుకొస్తుంది? అది ఇంటి చూరు కింద తిరుగుతూ ఉండేదన్నమాట.

దీనికి ఎముకలు సాక్ష్యం చెప్పాయి. షాన్షీ రాష్ట్రంలో ఛ్వాన్హూ అనే ఊళ్ళో 5,300 ఏళ్ళ కిందటి పిల్లి ఎముకలు దొరికాయి, 2013లో ఆ సంగతి బయటికొచ్చినప్పుడు చైనాలో ఇంటి పిల్లి అంత పాతదా అని అందరూ ఆశ్చర్యపోయారు. 2016లో ఎముకల ఆకారాన్ని జాగ్రత్తగా కొలిస్తే అది ఇంటి పిల్లి జాతి కాదని తేలింది, ఇంగ్లీషులో లెపర్డ్ క్యాట్ అంటారు, ఒంటి నిండా చిరుతకున్నట్టు మచ్చలుంటాయి, అది. 2025లో వచ్చిన డీఎన్ఏ పరిశోధన ఇంకా ముందుకెళ్ళి, దాదాపు 5,400 ఏళ్ళ క్రితం నుంచి హాన్ వంశం చివరి రోజుల దాకా చైనా రైతుల ఊళ్ళ దగ్గర తిరిగింది ఈ మచ్చల పిల్లే, మన ఇళ్ళల్లో ఉండే మామూలు పిల్లి సిల్క్ రోడ్ మీదుగా వచ్చింది మాత్రం టాంగ్ వంశం కాలంలో, ఎనిమిదో శతాబ్దం ప్రాంతంలో అని చెప్పింది. అంటే జువాంగ్జి చూసిన పిల్లి మన మ్యావ్ పిల్లి కాదు. 3,500 ఏళ్ళు మనుషుల ఊళ్ళ పక్కన బతికి కూడా పెంపుడు జంతువు కాకుండా తిరిగి అడవికి వెళ్ళిపోయిన జంతువు అది. హునాన్ లో మావాంగ్‌దుయ్ అనేచోట 1972లో తవ్విన ఒక దొరసాని సమాధిలో లక్క పూత కంచాలు దొరికాయి, వాటి మీద "తమరు భోంచేయండి" అని రాసి, పెద్ద కళ్ళు, పొడుగు తోక ఉన్న లీ బొమ్మలు వేశారు. రెండు వేల ఏళ్ళు దాటిన కంచాలు. తిండి పెట్టే కంచం మీద ఎలకల్ని పట్టే జంతువుని వేశారంటే అది వాళ్ళకి ఎంత దగ్గరిదో ఆలోచించండి.

ఇంటి పిల్లిని "మావ్" అంటారు కదా, ఆ మాట కూడా మొదట అడవిపిల్లిదే. షీ జింగ్ లో "మావ్ ఉంది, పులి ఉంది" అని అడవిని వర్ణిస్తూ చెప్తారు. ఏడాది చివర పంటల పండగలో మావ్ ని ఆహ్వానించి పూజ చేసేవాళ్ళు పొలంలో ఎలకల్ని తింటుందని, పులిని ఆహ్వానించేవాళ్ళు పంట పాడుచేసే అడవిపందుల్ని తింటుందని. కొత్త పిల్లి వచ్చాక ఆ పేరు అటు వెళ్ళింది, లీ అనే పేరు అడవిలో మిగిలిపోయిన వాటన్నిటికీ గంపగుత్తగా అంటుకుంది.

లీ షిజెన్ లిస్టు చూస్తే ఇది అర్థమవుతుంది. పిల్లి లీ, అది కోళ్ళనీ బాతుల్నీ ఎత్తుకుపోతుంది. పులి లీ, అది పురుగులూ ఎలకలూ పళ్ళూ తింటుంది. తోక మీద నలుపు తెలుపు పట్టీలుంటే తొమ్మిది కణుపుల లీ. కస్తూరి వాసన వచ్చేది సువాసన లీ. దక్షిణాన తెల్ల ముఖం, ఎద్దు తోక ఉన్నది ఎద్దుతోక లీ, చెట్లెక్కి పళ్ళు తింటుంది, చలికాలం బాగా కొవ్వు పట్టి ఉంటుంది, జనం సారా పిప్పిలో ఊరబెట్టి ఇష్టంగా తింటారు అని రాశాడు. వీటిల్లో సగానికి పైగా పిల్లి కుటుంబమే కాదు. సువాసన లీ అంటే మన పునుగు పిల్లి, తిరుమలలో స్వామివారికి పూసే పునుగు తైలం ఇచ్చేది. మన మానుపిల్లి కూడా ఆ కుటుంబమే. జువాలజీ ప్రకారం అవి పిల్లులు కావు, కానీ మనమూ వాటి పేరు చివర పిల్లి అని తగిలించాం, చైనా వాళ్ళూ లీ అని తగిలించారు. షూ షెన్ చెప్పిన నిర్వచనమే జనం మనసులో ఉంది, సన్నగా, పొడుగ్గా, రాత్రిపూట పొంచి తిరిగేది ఏదైనా లీ.

ఆ ఎద్దుతోక లీనే ఇవాళ "గ్వొజ లీ", పండ్ల లీ అంటున్నారు. 2003లో సార్స్ వచ్చినప్పుడు షెన్‌జెన్ మార్కెట్లో అమ్ముతున్న వీటిల్లో ఆ వైరస్ లాంటిది దొరికింది, 2004 జనవరిలో గ్వాంగ్‌డోంగ్ లో వేల సంఖ్యలో చంపించారు. నక్క సంగతి త్వరగా చెప్పేస్తాను, పాత పాటలో నక్క, లీ రెండు వేరు జంతువులు, పక్కపక్కన పలికి పలికి రెండూ కలిసి "హూలీ" అనే ఒక్క మాటైంది, ఇవాళ మాండరిన్ లో దానర్థం నక్క ఒక్కటే.

జపాన్ గురించి మాత్రం కాస్త ఆగి చెప్పాలి. జపాన్ ప్రధాన దీవుల్లో ఈ మచ్చల పిల్లి లేదు, త్సుషిమా, ఇరియోమోతె లాంటి చిన్న దీవుల్లోనే ఉంది. అక్షరం అయితే పుస్తకాలతో పాటు వచ్చేసింది, జంతువు రాలేదు. దాంతో ఆ అక్షరాన్ని తమ దగ్గరున్న "తనుకి" కి కట్టారు. అది కుక్క జాతి, కళ్ళ చుట్టూ నల్లగా ఉంటుంది, హోటళ్ళ ముందు గడ్డి టోపీ పెట్టుకుని సారా సీసా పట్టుకుని నించున్న మట్టి బొమ్మలు చూసుంటారు, అదే. అక్కడ "ముజినా" అని ఇంకో పేరు కూడా ఉంది, ఒక ప్రాంతంలో అది తనుకికే పేరు, ఇంకో ప్రాంతంలో వేరే జంతువుకి. 1924లో తోచిగి ప్రాంతంలో ఒక వేటగాడు ఫిబ్రవరి 29న రెండు జంతువుల్ని రాతి గుహలో బంధించి, మార్చి 3న చంపాడు. మార్చి 1 నుంచి తనుకి వేట నిషేధం. కేసు పెట్టారు. నేను చంపింది ముజినాని, తనుకిని కాదు, మా వైపు రెండూ వేరు అన్నాడాయన. కేసు దేశంలోనే అత్యున్నత కోర్టుకి వెళ్ళింది, 1925 జూన్ 9న నిర్దోషి అని తీర్పిచ్చారు. గుహలో బంధించినప్పుడే వేట పూర్తయింది, అప్పటికి నిషేధం లేదు అనేది ఒక కారణం. రెండోది, పాత కాలం నుంచీ జనం ఇవి రెండు వేరు అనే అనుకుంటున్నారు, శాస్త్రం ఒకటే అన్నంత మాత్రాన ఆ నమ్మకంతో వేటాడినవాణ్ణి శిక్షించలేం అని. లా చదివే పిల్లలు జపాన్ లో ఇప్పటికీ ఈ కేసు చదువుతారు. ఊళ్ళో వాడే జంతువు పేరుకి ఒక సుప్రీం కోర్టు అంత మర్యాద ఇవ్వడం నాకు ఎంతో గొప్పగా అనిపిస్తుంది.

మళ్ళీ చైనాకొస్తే, అసలు లీ అయిన ఆ మచ్చల పిల్లిని ఇవాళ పుస్తకాల్లో "బావ్ మావ్", చిరుత పిల్లి అని రాస్తున్నారు, తైవాన్ లో "రాతి పులి" అంటారు, మచ్చలు నాణేల్లా ఉంటాయని కొందరు "డబ్బుల పిల్లి" అంటారు. లీ అనే పేరు ఇళ్ళల్లో తిరిగే చారల పిల్లికి మిగిలింది, "లీ హ్వా మావ్" అని. చర్మం కోసం వేట మాత్రం షీ జింగ్ నాటి నుంచి ఆగలేదు, 1980ల్లో చైనా నుంచి ఈ చర్మాలు లక్షల్లో ఎగుమతి అయ్యాయి. 2021లో సవరించిన జాబితాలో దాన్ని రెండో తరగతి రక్షిత జంతువుగా చేర్చారు.

ఇదే ప్రజాతిలో మన దగ్గర కాకినాడ పక్కన కోరింగ మడ అడవుల్లో చేపలు పట్టుకు తినే బావురు పిల్లి ఉంది. మన ఊళ్ళల్లో కూడా అడవిపిల్లులకి ఒక్కో చోట ఒక్కో పేరుంది, ఒకే పేరు రెండు జంతువులకి వాడటమూ ఉంది. మీ వైపు ఏమంటారో, దాన్ని చూసినవాళ్ళు ఎలా ఉంటుందని చెప్తారో ఇప్పుడు చెప్పండి, నేను రాసుకుంటాను. ముందు వరసలో అమ్మ చెయ్యెత్తారు, మైక్ ఇటివ్వండి.